పట్టిన మునుము

"తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవు" అని సామెత. మా ముడిమ్యాలలో ఎవరైనా ఆ మాట అంటే పక్కనున్నవాళ్ళు ఒకసారి నావైపు చూసి నవ్వేవాళ్ళు. నాకేం బాధ లేదు, ఉన్నమాటే కదా. చేవెళ్ళకూ అజీజ్‌నగర్‌కూ మధ్యనున్న ఈ ఒక్క రోడ్డు మీదే అయిదు కొలువులు చేశాను. నాలుగు చోట్ల పోట్లాడి బయటికొచ్చాను. ఇంకొకటి దవాఖాన, నేను పోట్లాడే లోపే అది మూతపడింది.

ఆరో కొలువు మొయినాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్. ఒక ట్రస్టు వాళ్ళు నడుపుతారు. నలభై మంది పిల్లలు, అందరూ మేస్త్రీ పనికీ, ఫామ్‌హౌసుల్లో తోటపనికీ ఊళ్ళు మారుతూ తిరిగే వాళ్ళ బిడ్డలు. నేను వంటమనిషిగా చేరాను, అదీ తాత్కాలికంగానే. చేరిన రోజు మా ఆయన "ఎన్ని దినాలు?" అని అడిగాడు. చూద్దాం అన్నాను. చూస్తూ చూస్తూ రెండేళ్ళయింది.

చేరిన కొత్తలో ఒక పిల్ల దిండు కింద రొట్టెలు దాచేది. రెండు రోజులకు వాటికి చీమలు పట్టి, పక్క పిల్లలు వచ్చి ఫిర్యాదు చేశారు. నా నోరు ఎలాంటిదో చెప్పాను కదా, అయినా ఆ పూట తిట్టబుద్ధి కాలేదు. ఆ పిల్లకు మూతున్న స్టీలు డబ్బా ఒకటి ఇచ్చి, రోజూ రెండు రొట్టెలు అందులో పెట్టుకొమ్మన్నాను. నెల తిరిగేసరికి డబ్బా తెచ్చి "పెద్దమ్మా, ఇగ వద్దు" అని తిరిగి ఇచ్చేసింది. ఆ రోజు డబ్బా కడుగుతూ నేను ఏడ్చాను. ఇక్కడినుంచి పోకూడదు అని జీవితంలో మొదటిసారి అనిపించింది.

అలాంటి సమయంలో ట్రస్టు మేడమ్ ఒక సోమవారం వంటింట్లోకి వచ్చి కూర్చుంది. హాస్టల్‌కు ఇన్‌ఛార్జిని పెడుతున్నారట. ఉండడానికి గది ఇస్తారు, పక్కా ఉద్యోగం. వంట చూసుకోవాలి, పిల్లల్ని చూసుకోవాలి, పెద్ద పిల్లలకు కుట్టుమిషన్ నేర్పాలి. నాకే ఇవ్వాలని ఆమెకు ఉంది. కమిటీ వాళ్ళు మాత్రం ఇదివరకు చేసిన చోట్లనుంచి ఉత్తరాలు తెమ్మంటున్నారు. కుట్టుపని ఉత్తరం లేకపోతే అసలు ఒప్పుకోరట. పది రోజుల్లో కమిటీ కూర్చుంటుంది. అప్పటికి నా దగ్గర కాగితాలు లేకపోతే సిటీనుంచి ఎవరినో తెచ్చుకుంటారు, వంటకు కూడా వాళ్ళే ఎవరినో చూసుకుంటారు.

నేను చేట పక్కన పెట్టి కూర్చుండిపోయాను. ఎక్కడెక్కడినుంచైతే నేను విసవిసా వచ్చేశానో అక్కడికే పోయి, అయ్యా నేను మంచిదాన్నని రాసివ్వండి అని అడగాలి. అన్నిటికంటే ముందు కుట్టుపని ఉత్తరం కావాలి. అది ఇవ్వగలిగిన మనిషి చేవెళ్ళలో ఉంది. ఆమెతో నేను మాట్లాడి పన్నెండేళ్ళు.

మా ఆయన నిదానస్తుడు. ఆటో నడుపుతాడు. నేను రెండు అంటే ఆయన ఒకటి కూడా అనడు, అందుకే మా కాపురం నిలబడింది. సంగతి విని కాసేపు ఆలోచించి, రేపటినుంచి మధ్యాహ్నాలు ఆటోలో తిప్పుతానన్నాడు. తర్వాత మెల్లగా ఒక మాట చేర్చాడు.

"జర నీ నోరు మాత్రం ఇంట్లనే పెట్టి రా."

ఇక్కడ మా అవ్వ గురించి చెప్పాలి. నాకు పని నేర్పింది అవ్వే. మా వైపు క్యారెట్ బాగా పండుతుంది. అవ్వతో క్యారెట్ పీకడానికి పోయినప్పుడు నాకు పదమూడేళ్ళు. చేన్లోకి దిగిన ఆడవాళ్ళు గట్టు వెంబడి వరుసగా కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఇన్ని సాళ్ళని వస్తాయి. ఎవరి పట్టె వాళ్ళు పట్టుకొని, అవతలి గట్టు దాకా కలిసి సాగుతారు. దాన్నే మునుము అంటాం. మధ్యలో లేచిపోతే ఆ మునుము పక్క మనిషి మీద పడుతుంది. ఒకసారి నేను కూలీలను తెచ్చిన మేస్త్రీ మీద అలిగి లేచి నిలబడితే అవ్వ కొంగు పట్టి కూర్చోబెట్టింది. అలిగితే అలుగు, తిడితే తిట్టు, అదంతా అవతలి గట్టు ఎక్కినంక చూసుకో అంది. నేను గుడ్ల నీళ్ళు గుడ్ల కుక్కుకుంటూ గట్టు దాకా పీకాను. గట్టెక్కినంక మేస్త్రీని తిట్టాను కూడా.

మొదట గులాబీల దగ్గరికి పోయాం. పెళ్ళయిన కొత్తలో మొయినాబాద్ దగ్గర ప్లాస్టిక్ కవరు కప్పిన గులాబీ తోటలో నాలుగేళ్ళు చేశాను. మొగ్గ ఏ పొద్దు కోస్తే సిటీకి చేరేసరికి విచ్చుకుంటుందో, కాడ ఎంత పొడుగు ఉంచాలో, కట్ట ఎలా కట్టాలో అక్కడి సూపర్‌వైజర్ అన్న నేర్పాడు. మనిషి మంచివాడే గానీ గొంతు పెద్దది. ఒకరోజు నిండు చూలాలిని ఎండలో నిలబెట్టి అరుస్తుంటే నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు తిట్టి, కత్తెర అతని కాళ్ళ ముందు విసిరి వచ్చేశాను.

ఇప్పుడు ఆ తోట లేదు, ప్లాట్లు చేశారు. ఆ అన్న రోడ్డు పక్కనే సొంతంగా నర్సరీ పెట్టుకున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూడగానే "ఏమమ్మా, కత్తెర కోసం వచ్చినవా?" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వచ్చిన పని చెప్పాను. ఆయన పకపకా నవ్వి, నర్సరీ పేరున్న లెటర్‌ప్యాడ్ తీసి, రాయడానికి అద్దాలు పెట్టుకున్నాడు. రాస్తూ రాస్తూ ఆగి తలెత్తాడు.

"ఒకటి మాత్రం చెప్పాలె. గా దినం నువ్వు కత్తెర ఇసిరినవ్ గానీ, నీ బకెట్ల పూలన్నీ కట్టలు కట్టినంకనే ఇసిరినవ్. బండి ఎల్లిపోయినంక నేనే సూసిన. ఒక్క కట్ట తక్కువ లేదు."

నాకు ఆ సంగతి గుర్తు కూడా లేదు. గుర్తున్నదల్లా కోపమే. ఆయన కాగితం మీద మొహరు గుద్ది ఇచ్చి, దానితోపాటు కరివేపాకు మొక్క ఒకటి చేతిలో పెట్టాడు. హాస్టల్ వెనక నాటాను, బతికింది.

మర్నాడు అజీజ్‌నగర్ పోయాం. అక్కడ ఒక ఫామ్‌హౌసులో మూడేళ్ళు వంట చేశాను. నాకంటే ముందునుంచీ ఉన్న పాతబస్తీ ఖాన్సామా దగ్గర పని నేర్చుకున్నాను. ఆయన్ని చాచా అనేవాళ్ళం. ఇంట్లో నలుగురికి వండే ఆడదానికి నలభై మందికి ఒకే గిన్నెలో వండడం రాదు. ఉప్పు దగ్గరే దెబ్బతింటుంది. ఉప్పు చారెడు తగ్గించి వేసి, ఆవిరి వాసన చూసి మిగతాది వేయమని చాచా నేర్పాడు. ఈ రోజు హాస్టల్లో నలభై పళ్ళేలకు పప్పు ఒకే రుచిలో పోతున్నదంటే అది ఆయన పెట్టిన భిక్షే. నేనక్కడ ఉండగానే ఆయన కాలం చేశాడు. బతికి ఉన్నప్పుడు ఆ మాట ఆయనతో అనలేదు.

అక్కడినుంచి వచ్చేసింది రొట్టెల మీద. ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. రొట్టెలు గట్టిగా ఉన్నాయని, పల్లెటూరి చేతులని ఇంటావిడ అందరి ముందూ అంది. అది సరదాకే అన్నదేమో, ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు ముక్కు మీదికి కోపం వచ్చింది. మీ పట్నం పళ్ళు గట్టివి కావేమో అని అనేసి వచ్చాను. తప్పెవరిదంటే సగం ఆమెది, సగం నాది.

గేటు దగ్గర వాచ్‌మన్ అన్న తప్ప తెలిసిన మొహం లేదు. ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. కొత్తవాళ్ళను లోపలికి కబురు పంపి అడిగిస్తే, మాకు తెలియని మనిషికి మేమెలా ఇస్తామని జవాబొచ్చింది. న్యాయమే. అయినా గేటు వంక చూసి నాలుగు మాటలు అనబోయాను. మా ఆయన దగ్గాడు. వాచ్‌మన్ అన్నకు నా మొహం చూసి జాలేసినట్టుంది. తాను రాస్తే పనికొస్తదా అని అడిగాడు. పనికిరాదని తెలుసు. అయినా కాదనడానికి మనసొప్పలేదు. ఆయన తన గదిలోకి పోయి, గోడ క్యాలెండర్‌లో అయిపోయిన నెల చింపి, దాని వెనక రెండే రెండు వాక్యాలు రాసి తెచ్చాడు. ఆటోలో కూర్చున్నాక చదివాను.

"ఈ అక్క చేతి వంట మూడేండ్లు తిన్న. కొట్లాడి పోయిన దినం గూడ గిన్నెలన్ని తోమి, నాకు అన్నం పెట్టి పోయింది."

ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. మా ఆయనకు భయమేసి, జ్వరమొచ్చిందా అని నుదురు పట్టుకొని చూశాడు.

దవాఖాన ఉన్నచోట ఇప్పుడు టైల్స్ దుకాణం ఉంది. టైల్స్‌ను ఏమని అడగను. కానీ జ్వరమొచ్చిన పిల్లకు తడిగుడ్డ ఎక్కడెక్కడ పెట్టాలో అక్కడి నర్సమ్మ నేర్పింది, నేను ఊడ్చే మనిషినని చూడకుండా. స్కూలు బస్సులో ఆయాగా చేసిన చోట మాత్రం పని అయిదు నిమిషాల్లో అయింది. కంప్యూటర్‌లోంచి కాగితం తీసి ఇచ్చారు. ఈ తేదీనుంచి ఈ తేదీ వరకు పనిచేసింది, ప్రవర్తన తృప్తికరం అని ఉంది. డ్రైవర్ తాగి వచ్చాడని నేను బస్సుకు అడ్డంగా నిలబడిన పొద్దు ఆ కాగితంలో లేదు. ఆ పొద్దు పిల్లల్ని ఒక్కొక్కరిని చెయ్యి పట్టి దింపి, రెండుసార్లు తలలు లెక్కపెట్టి లోపలికి పంపాకే ఆ డ్రైవర్‌తోనూ, వాణ్ణి వెనకేసుకొచ్చిన మేనేజర్‌తోనూ కొట్లాడాను. ఇప్పటికీ హాస్టల్లో రెండుసార్లు లెక్కపెడతాను.

ఇలా ఏడు రోజులు గడిచాయి. మూడు కాగితాలు వచ్చాయి. నాలుగోది మిగిలింది. రోజూ పొద్దున మా ఆయన "చేవెళ్ళకు పోదామా" అంటాడు, నేను రేపు అంటాను.

ఆమెను టైలరక్క అనేవాళ్ళం. చేవెళ్ళలో కూరగాయల మార్కెట్ వెనక సందులో దుకాణం. గులాబీ తోట మానేసి ఇంట్లో కూర్చుంటే తనే కబురు పెట్టి పిలిపించింది. పైసా తీసుకోకుండా పని నేర్పింది. మిషన్ మీద చెయ్యి కుదిరేదాకా పాత చీరల మీద కుట్టించింది. మూడేళ్ళలో జాకెట్ కోయడం, లంగా కుట్టడం, స్కూలు గౌన్లు కుట్టడం అన్నీ వచ్చాయి. ఒక్క జాకెట్ చెయ్యి అతికించడం దగ్గర మాత్రం చంక కింద నాకు ముడత వచ్చేది. ఒకరోజు నలుగురు గిరాకీల ముందు నా చేత ఒకే జాకెట్ మూడుసార్లు విప్పించింది. మూడోసారి విప్పమన్నప్పుడు నాకు కళ్ళు కనబడలేదు. నేనేం చిన్నపిల్లనా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అనగూడని మాట కూడా ఒకటి అన్నాను, ఆమెకు పిల్లలు లేని సంగతి. ఇన్నేళ్ళు నేను మోసింది ఆ మాటనే. ఆ రోజే అక్కడ పని మానేశాను.

ఆ తర్వాత నాలుగు నెలలకు మా చర్చిలో కోత పండుగ వచ్చింది. మా దగ్గర కోత పండుగకు ప్రతి ఇంటివాళ్ళూ తమ చేతి పనిలోంచి ఒకటి తెచ్చి దేవుని ముందు పెట్టాలి. రైతులు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు తెస్తారు. నేనేం పని చేస్తుంటే అందులోంచి తీసుకుపోవాలని అవ్వ పెట్టిన కట్టడి. గులాబీలు తీసుకుపోయాను, క్యారెట్లు తీసుకుపోయాను. ఆరాధన అయ్యాక అన్నీ హర్రాజు వేస్తారు, అంటే వేలంపాట. పాడుకున్నవాళ్ళు ఇష్టమైతే ఇంటికి తీసుకుపోతారు, లేకపోతే మళ్ళీ కానుకగా అక్కడే పెట్టేస్తారు. ఒకే గుమ్మడికాయ మూడుసార్లు అమ్ముడుపోవడం కూడా చూశాను.

ఆ ఏడు నేను ఇంట్లో పంతం పట్టి ఒక ఆకుపచ్చ జాకెట్ కుట్టి తీసుకుపోయాను. టైలరక్క కూడా మా చర్చికే వస్తుంది. నా జాకెట్ ఎత్తి చూపగానే అందరికంటే ఎక్కువ పాడింది. పాడి, తిరిగి పెట్టకుండా సంచిలో వేసుకొని ఇంటికి తీసుకుపోయింది. నా వెనక వరుసలో ఎవరో "ఇగ ఇంటికి పోయి ఇది గూడ ఇప్పి సూస్తది" అన్నారు. ఆడవాళ్ళు నవ్వారు. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయడానికే కొన్నదని నాకు స్థిరపడిపోయింది. ఆ రోజునుంచి చర్చిలో ఆమె కుడివైపు కూర్చుంటే నేను ఎడమవైపు కూర్చున్నాను. చేవెళ్ళ పోతే ఆ సందు తప్పించి తిరిగి పోయేదాన్ని. చూసుకుంటే తప్పు చేసింది నేను, అలిగిందీ నేనే.

ఎనిమిదో రోజు మా ఆయన నన్ను అడగకుండా ఆటో చేవెళ్ళవైపు తిప్పాడు. సందు మొదట్లో ఆపి, తను లోపలికి రానన్నాడు. నేనొక్కదాన్నే దిగి నడిచాను. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, మార్కెట్ ఖాళీ అయి ఆకులు అలములు ఊడుస్తున్నారు. దుకాణం అదే, ఇప్పుడు లోపల అయిదు మిషన్లు ఉన్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్ళు పని నేర్చుకుంటున్నారు. టైలరక్క బల్ల దగ్గర కత్తెర పట్టుకొని గుడ్డ కోస్తోంది. దగ్గరనుంచి చూస్తే మనిషి సగమైంది. నన్ను చూసింది. కోత ఆపలేదు.

"కూసో. గా అంచు దాంక పోనీ."

కూర్చున్నాను. గుడ్డ అంచు దాకా కోసి, కత్తెర పక్కన పెట్టి, చాయ్ చెప్పమని ఒకామెను పంపింది. నేను ఏం మాట్లాడాలో ఆటోలో నేర్చుకొని వచ్చాను, అదంతా పోయింది. తల తిప్పుకుంటే ఎదురుగా గోడ మీద హ్యాంగర్‌కు తగిలించి నా ఆకుపచ్చ జాకెట్ ఉంది. రంగు కొంచెం వెలిసింది. చంక దగ్గర లోపలి కుట్టు కనబడేలా ఎడమ చెయ్యి తిరగేసి పెట్టి ఉంది. విప్పలేదు. ఒక్క కుట్టు కూడా విప్పలేదు.

నేను దాన్నే చూస్తుంటే పక్క మిషన్ మీదున్న అమ్మాయి, కొత్తగా చేరానేమో అనుకొని నాకు వివరించి చెప్పింది. చెయ్యి అతికించడం రాని వాళ్ళందరికీ అక్క ఆ జాకెట్టే చూపిస్తదట, దాని మీద వేలు పెట్టి నేర్చుకొమ్మంటదట. పన్నెండేళ్ళుగా ఇక్కడ పని నేర్చుకున్న ప్రతి ఆడదీ నా కుట్టు మీద వేలు పెట్టింది. నేనేమో ఆ సందు తప్పించి తిరిగాను.

నాకు దుఃఖం ఆగలేదు. అందరి ముందూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఆ రోజు నేనన్న మాటకు నన్ను క్షమించమని అడిగాను. చాయ్ వచ్చింది. టైలరక్క నాకు ఒక గ్లాసు ఇచ్చి, తన గ్లాసు బల్ల మీద పెట్టుకుంది.

"ఆ మాట నొప్పైంది. కాలేదని అబద్ధం చెప్ప," అంది. తర్వాత గోడవైపు చూపించింది. "మూడుసార్లు ఇప్పించిన. గది నువ్వు నాలుగోసారి కుట్టింది. ఇంక ఇప్పేటందుకు ఏం లేదని కొన్న."

"నన్ను ఒకసారన్న పిలువకపోతివి అక్కా."

"నువ్వు పోయిన దినం యాభై గౌన్లకు అంచులు కుట్టేది ఉండె, యాదికున్నదా? తిట్టుకుంటనే అన్ని కుట్టి, మడతలు పెట్టి పోయినవ్. చిన్నప్పుడు ముడిమ్యాలల మీ అవ్వ పక్క మునుము నాదే. మీ అవ్వ లెక్కనే చేసినవ్ అనుకున్న. కానీ సగమే చేసినవ్."

నాకు అర్థం కాలేదు. అన్నీ కుట్టానని ఆమే అంటోంది, సగమే అనీ ఆమే అంటోంది.

"గట్టెక్కంగనే మునుము అయిపోదు. గట్టు మీద అందరం నిలవడి, ఎనుక వడ్డదానికి చెయ్యందించి, ఒక్క చెంబుల నీళ్ళు తాగినంకనే అయినట్టు. నువ్వు గట్టెక్కి ఒక్కదానివే పోయినవ్. గందుకే పిలువలే. నీళ్ళు తాగేది నీకే యాదికి రావాలనుకున్న."

అది నిజం. అవ్వతో పోయిన ప్రతిసారీ గట్టు మీద నిలబడి చెంబు చేతులు మార్చుకుంటూ తాగేవాళ్ళం. ముందు ముగించినవాళ్ళు వెనకబడినవాళ్ళ సాళ్ళు అందుకొని పీకేవాళ్ళు. పని పూర్తి చేయడం మాత్రం అవ్వ దగ్గర పట్టుకున్నాను, ఇది వదిలేశాను. కత్తెర విసిరాను గానీ మొగ్గ చూడడం నేర్పావని ఆ అన్నతో అనలేదు. చాచాకు చెప్పలేదు, నర్సమ్మకు చెప్పలేదు. నాకు పని నేర్పిన ఒక్కరికీ, నువ్వు నాకు మేలు చేశావని చెప్పి రాలేదు. కమిటీ వాళ్ళు కాగితాలు అడగబట్టి ఈ వారం రోజులు తిరిగాను గానీ, లేకపోతే చచ్చేదాకా తిరిగేదాన్ని కాదు.

అప్పుడు ఉత్తరం సంగతి చెప్పాను. టైలరక్క కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, బల్ల మీద వంగి నిదానంగా రాసింది. మడిచి చేతికిచ్చింది. ఇంటికి పోయినంకనే చదవమంది. నేను లేచేటప్పుడు హ్యాంగర్ మీదినుంచి జాకెట్ తీయబోయింది, కాగితంతోపాటు చూపించుకొమ్మని. వద్దన్నాను. నేర్చుకునేవాళ్ళకు ఉండనీ అన్నాను.

కమిటీలో ముగ్గురు కూర్చున్నారు. మేడమ్ నా కాగితాలు ఒక్కొక్కటే చదివింది. నర్సరీ మొహరున్నది, క్యాలెండర్ వెనక రాసింది, కంప్యూటర్‌ది, కొలతల పుస్తకంలోది. క్యాలెండర్ కాగితం దగ్గర ఒక సారు నవ్వాడు. కానీ దాన్ని పక్కన పడేయకుండా ఇంకోసారి చదివించుకున్నాడు. తర్వాత నన్ను సూటిగా అడిగాడు, అయిదు చోట్ల మానేసి వచ్చావు, ఇక్కడ మాత్రం ఉంటావని ఏం నమ్మకం అని. మామూలుగా అయితే ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు.

"నా నోరు మంచిది కాదు సార్. రేపు మీతోని గూడ కొట్లాడుత కావొచ్చు. కానీ కొట్లాడిన పొద్దు గూడ పిల్లలకు అన్నం పెట్టినంకనే కొట్లాడుత. ఇడిసి మాత్రం పోను. ఇన్ని దినాలు ఏడ ఉండాలనో తెల్వక తిరిగిన, ఇప్పుడు తెలిసింది."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడమ్ ఆఖరున టైలరక్క కాగితం మళ్ళీ తీసి పైకి చదివింది. అందులో ఇలా ఉంది: "ఈమెకు కోపం ఎక్కువ. కుట్టు సక్కగ వస్తది. పట్టిన మునుము ఇడిసిపెట్టది. ఈమె కుట్టిన జాకెట్ నా దుకాణంల ఉన్నది, నమ్మకపోతే వచ్చి చూసుకోవచ్చు."

మునుము అంటే ఏమిటని ఇందాక నవ్విన సారు అడిగాడు. నేను చెప్పేలోపే, అంతదాకా నోరు మెదపకుండా కూర్చున్న మూడో ఆయన చెప్పాడు. ఆయన తల్లి కూడా కూలికి పోయిన మనిషేనట. నాకు ఉద్యోగం ఇచ్చారు.

గదిలోకి మారిన మూడో రోజే కూరగాయల బండివాడితో పోట్లాడాను, కుళ్ళిన టమాటాలు అడుగున పెట్టాడని. మా ఆయన తలపట్టుకున్నాడు. అంతా అయ్యాక ఆ బండివాడికి చాయ్ ఇచ్చి పంపాను. ఇప్పుడు మంచివి తెస్తున్నాడు.

ఈ ఏడు కోత పండుగకు హాస్టల్ పెద్ద పిల్లలు కుట్టిన మొదటి గౌను తీసుకుపోయాను. చిన్న గౌను, తెల్లది, చెయ్యి దగ్గర కొంచెం ముడత. రొట్టెలు దాచుకున్న పిల్ల, ఇప్పుడు ఏడో తరగతి, గుండీలు తనే కుట్టింది. హర్రాజులో దాన్ని ఎత్తి చూపగానే కుడివైపునుంచి టైలరక్క గొంతు వినబడింది. పాడి, గెలిచి, చేతిలోకి తీసుకొని చంక దగ్గర వేలితో తడిమి నావైపు చూసింది. ఇది విప్పాల్సిందే అన్నట్టు తల ఆడించింది. నవ్వొచ్చింది నాకు.

అందరూ బయట చెట్ల నీడలో నిలబడ్డారు. నేను పోయి కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి, నలుగురిలోంచి నడిచి ఆమె దగ్గరికి పోయాను. నాకు పని నేర్పినందుకు నీ మేలు మరువను అక్కా అని, పన్నెండేళ్ళ కింద అనాల్సిన మాట అప్పుడు అన్నాను. ఆమె గౌను చంకలో పెట్టుకొని గ్లాసు అందుకుంది. సగం తాగి, మిగతా సగం నాకిచ్చింది. నేను తాగాను.